బుల్గోగి ఇంట్లో చేయాలంటే: ముందు పొయ్యి, తర్వాతే మాంసం

దక్షిణ కొరియాలోని సువోన్‌లో కాపురం పెట్టిన మొదటి చలికాలం అది. సాస్ పట్టించి కాల్చే సన్నటి మాంసాన్ని కొరియన్లు బుల్గోగి అంటారు. వీధి చివర మాంసం కొట్టులో ఆ బుల్గోగి ముక్కలు 600 గ్రాములు తెచ్చాను. రాత్రంతా సాస్‌లో నానబెట్టి, మర్నాడు ఇంట్లో ఉన్న ఒకే ఒక్క నాన్‌స్టిక్ పాన్‌లో మొత్తం గుమ్మరించాను. రెండు నిమిషాల్లో పాన్ నిండా నీళ్లు ఊరాయి. ముక్కలు ఆ నీళ్లలోనే ఉడికి బూడిదరంగుకి తిరిగాయి. రుచి బాగానే ఉంది కానీ అది కాల్చిన మాంసం కాదు, తియ్యటి పులుసు. తప్పంతా సాస్‌లో ఉందనుకుని నెల రోజులు సోయా మార్చాను, నూనె మార్చాను, చక్కెర తగ్గించాను. చివరికి ఒకరోజు పక్కింటి పెద్దావిడ వచ్చి పాన్ వంక చూసింది. ముక్కల్లో మూడో వంతు మాత్రం ఉంచి మిగతావన్నీ గిన్నెలోకి తీసేసింది, మంట పెంచింది. అంతే, ఇంకేమీ చేయలేదు. ఇల్లంతా కాలిన చక్కెర, వెల్లుల్లి వాసన.

కొరియన్‌లో బుల్ అంటే నిప్పు, గోగి అంటే మాంసం. పేరులో నిప్పే ముందుంది. మనం మాత్రం సాస్ సీసాతో మొదలుపెట్టి, దొరికిన మాంసం కొని, పొయ్యి గురించి ఆఖర్న ఆలోచిస్తాం. నేనైతే వరస తిప్పమంటాను. మీ ఇంట్లో ఎంత మంట వస్తుందో చూసుకుంటే ఏ రకం బుల్గోగి చేయాలో తేలుతుంది. రకం తేలితే ఏ ముక్క కొనాలో తెలుస్తుంది. సాస్ వీటన్నిటి కంటే తేలికైన పని.

కొరియాలోనే ఒక దారి లేదు

బుల్గోగి అంటే ఒకే వంటకం అనుకుంటాం కానీ ఊరిని బట్టి మారిపోతుంది. రాజుల కాలంలో అంతఃపురంలో చేసిన నోబియాని దీనికి పూర్వరూపమంటారు. వెడల్పుగా కోసి, కత్తితో గాట్లు పెట్టి, నిప్పుల మీద కాల్చేవారు. ఇప్పుడు ఇళ్లలో, హోటళ్లలో కనిపించేవి ముఖ్యంగా మూడు.

సియోల్ పద్ధతిలో పెనం మధ్యలో ఉబ్బెత్తుగా, చుట్టూ కాలువలా ఉంటుంది. మాంసం పైన కాలుతుంది, రసం కిందికి జారి కాలువలో చేరుతుంది. అందులో చిలగడదుంప పిండితో చేసిన దాంగ్‌మ్యోన్ నూడుల్స్, పుట్టగొడుగులు వేసి ఉడికిస్తారు. ఆ రసాన్ని అన్నంలో కలుపుకుని తింటారు. 1939 నుంచి ఉన్న హనిల్‌గ్వాన్ లాంటి పాత హోటళ్లకు పేరు తెచ్చింది ఇదే.

ఉల్సాన్ నగర పరిధిలోని ఒన్యాంగ్‌లో మాంసాన్ని సన్నగా తరిగి, తక్కువ సాస్ పట్టించి, జాలీ మీద పలచగా పరిచి బొగ్గుల మీద కాలుస్తారు. రసం అన్న మాటే ఉండదు. దక్షిణ జొల్లా ప్రాంతంలోని గ్వాంగ్యాంగ్‌లో ముక్కను కాగితంలా కోసి, కాల్చే ముందు మాత్రమే సాస్ కలిపి, రాగి జాలీ మీద వేస్తారు. నానబెట్టడం అసలు ఉండదు. బుల్గోగి రాత్రంతా నానాలనే నమ్మకం మీకుంటే గ్వాంగ్యాంగ్ వాళ్లను గుర్తు చేసుకోండి.

ఇక్కడే ఎంపిక సగం అయిపోతుంది. మంట తక్కువగా ఉన్న ఇంట్లో సియోల్ పద్ధతి మేలు. నీళ్లు ఊరడం అక్కడ తప్పు కాదు, అదే వంటకం. మొదటి చలికాలం నేను చేసింది నిజానికి సియోల్ బుల్గోగే, చేస్తున్నట్టు తెలియక చేశాను కాబట్టి పాడైంది. అదే ఉద్దేశపూర్వకంగా చేసి ఉంటే అరకప్పు నీళ్లు, గుప్పెడు దాంగ్‌మ్యోన్, ఒక ఉల్లిపాయ వేసి హాయిగా తినేవాణ్ని. బొగ్గుల కుంపటి పెట్టుకునే చోటుంటే ఒన్యాంగ్, గ్వాంగ్యాంగ్ దారి పట్టండి. మధ్యలో ఉన్నవాళ్లు, అంటే మంచి గ్యాస్ పొయ్యి, బరువైన పెనం ఉన్నవాళ్లు, కొంచెం కొంచెంగా వేయించుకోవాలి.

ఏ మంట దేనికి

బొగ్గుల రుచి ఇంకో దేనికీ రాదు. కొవ్వు బొగ్గు మీద పడి లేచే పొగే ఆ రుచి. కానీ బొగ్గుల కుంపటి ఇంట్లో వద్దు, తలుపులు తీసినా వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, మనిషికి తెలిసేలోపే కమ్మేస్తుంది. మేడ మీదో పెరట్లోనో చోటుంటేనే దీని గురించి ఆలోచించండి. చక్కెర ఉన్న సాస్ మంట తగిలితే క్షణాల్లో మాడుతుంది కాబట్టి, బొగ్గులు బూడిద కప్పుకుని ఎర్రగా మారాకే జాలీ పెట్టాలి.

మన గ్యాస్ పొయ్యి మీద ఇనుప దోసె పెనం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. వేడి నిలుస్తుంది, చదునుగా ఉంటుంది కాబట్టి ఊరిన నీరు వెంటనే ఆవిరవుతుంది. పెనం కాలి పొగ మొదలవుతున్నప్పుడు కాస్త నూనె పూసి, 200 గ్రాములకు మించకుండా ముక్కలు విడివిడిగా పరచండి. ఒక నిమిషం కదపకండి. గరిటెతో కెలకాలని చేయి లాగుతుంది, కెలికితే మళ్లీ నీళ్లే. అడుగు గోధుమరంగు వచ్చాక తిప్పి, ఇంకో అర నిమిషం, నిమిషం ఉంచి తీసేయండి. ప్రతి వాయికీ మధ్యలో పెనం మీద అంటిన చక్కెరను తడిగుడ్డతో తుడవాలి, లేకపోతే రెండో వాయి చేదెక్కుతుంది. ఒక హెచ్చరిక: ఆ పెనం మీద కొన్నాళ్లు దోసెలు సరిగా లేవవు, ఇంట్లో మాట పడాల్సి వస్తుంది. వీలైతే బుల్గోగికి వేరే పెనం పెట్టుకోండి.

కొరియాలో చాలా ఇళ్లలో చిన్న బ్యూటేన్ డబ్బా పొయ్యి ఉంటుంది. బల్ల మీద పెట్టుకుని కాలుస్తూ తినడానికి అదే అనువు. ఇందులో ఒకటే జాగ్రత్త: పొయ్యి కంటే బాగా పెద్ద పెనం పెట్టకూడదు. పెనం డబ్బా మీదికి వస్తే డబ్బా వేడెక్కి పేలుతుంది.

ఇండక్షన్ మీద సియోల్ పద్ధతే చేయండి. కరెంటు గ్రిల్ పొగ తక్కువని చాలామంది కొంటారు. ముక్కలు వేయగానే దాని వేడి పడిపోతుంది, తేరుకునేసరికి నీళ్లు ఊరతాయి. నేను ఒకటి కొని, రెండుసార్లు వాడి, ఊరెళ్లే స్నేహితుడికి ఇచ్చేశాను. ఎయిర్ ఫ్రయర్ సన్నటి బుల్గోగికి పనికిరాదు, ముక్కలు గాలికి ఎండిపోతాయి. ఎముక ఉన్న గల్బికి, అంటే పక్కటెముక మాంసానికి మాత్రం బాగుంటుంది. ఓవెన్ ఉన్నవాళ్లు పై మంట ఒక్కటే వెలిగించి, ముక్కలను ట్రేలో పలచగా పరిచి మంటకు దగ్గరగా పెడితే బొగ్గుల రుచిలో సగం వరకు వస్తుంది.

ముక్కల కథ

కొరియా మాంసం కొట్టులో ఇది కష్టమే కాదు. "బుల్గోగియోంగ్ హన్ గున్ జుసేయో" అంటే చాలు, బుల్గోగికి పనికొచ్చేది ఒక గున్ ఇవ్వమని. మాంసానికి గున్ అంటే 600 గ్రాములు. మెషిన్ మీద రెండు మూడు మిల్లీమీటర్ల మందాన కోసి ఇస్తారు. ఇబ్బందల్లా అలా కోసిచ్చే మెషిన్ లేని చోట ఉన్నవాళ్లకే.

కొవ్వు గీతలు బాగా ఉన్న రిబ్‌ఐ, అంటే పక్కటెముకల దగ్గరి వెన్ను ముక్క, మెత్తగా ఉంటుంది, పెనం మీద ఎండదు. కొత్తగా చేసేవాళ్లు దాన్నే కొనండి, చిన్న చిన్న పొరపాట్లను అది కడుపులో దాచుకుంటుంది. మెడ వైపు ముక్క కొంచెం గట్టిగా ఉన్నా రుచి ఎక్కువ. తొడ ముక్కలో కొవ్వు ఉండదు, చవకగా వస్తుంది. దాన్ని సన్నగా కోసి, పండు రసంలో నానబెట్టి, సియోల్ పద్ధతిలో ఉడికించుకుంటే ఏ లోటూ తెలియదు. కొరియా దేశవాళీ పశువు హాన్‌వూ మాంసానికి 1++, 1+, 1, 2, 3 అని గ్రేడ్లుంటాయి. సాస్‌లో ముంచి కాల్చేదానికి 1++ కొనడం నా దృష్టిలో డబ్బు దండగ. అంత మంచి మాంసాన్ని ఉప్పు మాత్రం చల్లుకుని తినాలి. బుల్గోగికి ఆస్ట్రేలియా, అమెరికా మాంసం సరిపోతుంది.

మెషిన్ లేకపోతే మాంసం ముద్దను ఫ్రీజర్‌లో గంట, గంటన్నర పెట్టండి. వేలితో నొక్కితే పైన గట్టిగా, లోపల కాస్త మెత్తగా ఉండాలి. అప్పుడు పదునైన కత్తితో పీచుకు అడ్డంగా కోయండి. పీచు వెంట కోస్తే ఎంత పండు రసం పోసినా నమలలేరు. కోశాక పేపర్ టవల్‌తో అద్ది నెత్తురు నీరు తీసేయడం మర్చిపోకండి, సగం నీళ్ల సమస్య అక్కడే పోతుంది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్లకు లెక్క వేరు. తెలుగు రాష్ట్రాల్లో గోవధ నిషేధం ఉంది కాబట్టి పెద్దకూర పేరుతో ఎక్కువగా దొరికేది గేదె మాంసం. దానిలో కొవ్వు గీతలు తక్కువ, పీచు ఎక్కువ. కొట్టులో అండర్‌కట్ అడగండి, అదే మెత్తటి భాగం. కొవ్వు లేని లోటుకి నువ్వుల నూనె ఇంకో చెంచా ఎక్కువ వేసుకోండి. పెద్దకూర తినని ఇళ్లలో కోడి తొడ ముక్కలు, లేదా పుట్టగొడుగులు ఇదే సాస్‌లో చేయండి. కొరియన్లు కూడా కోడి, పంది, బాతు బుల్గోగిలు చేస్తారు, మనమేమీ కొత్తగా కల్తీ చేస్తున్నట్టు కాదు. పంది మాంసానికి సోయా బదులు గోచుజాంగ్ అనే ఎర్రటి మిరప ముద్ద వేస్తారు, కారం ఇష్టమైనవాళ్లకు అది ఇంకా నచ్చుతుంది.

గల్బి సంగతి కూడా చెప్పాలి, సువోన్‌లో ఉండి గల్బి ఊసెత్తకపోతే ఊరుకోరు. ఒకప్పుడు ఇక్కడ పెద్ద పశువుల సంత ఉండేది. ఆ సంత చలవే ఇక్కడి గల్బి అంటారు. సువోన్ గల్బిలో పెద్ద పక్కటెముక, సోయా బదులు ఉప్పుతో సాస్. ఇంట్లో చేసుకోవడానికి మాత్రం ఎల్ఏ గల్బి తేలిక. అందులో ఎముకలకు అడ్డంగా సన్నగా కోస్తారు, ప్రతి పట్టీలో మూడు ఎముకల ముక్కలు కనిపిస్తాయి. ఆ కోతను అమెరికాలోని కొరియన్లతో ముడిపెట్టి చెబుతారు. చల్లటి నీళ్లలో అరగంట నానబెట్టి ఎముక పొడి కడిగేసి, తుడిచి, రాత్రంతా సాస్‌లో ఉంచండి. ఎయిర్ ఫ్రయర్‌లో 190 డిగ్రీల దగ్గర పది నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పాలి. చుట్టాలొచ్చినప్పుడు పొయ్యి ముందు నిలబడే ఓపిక లేకపోతే బుల్గోగి కంటే ఇదే నయం.

పండు విషయంలో తొందరపడితే

సాస్‌లో పండు రసం తీపి కోసం మాత్రమే కాదు, మాంసాన్ని మెత్తబరచడానికి కూడా. కొరియన్లు వాడేది తమ బేరిపండు. క్రికెట్ బంతి కంటే పెద్దగా, గుండ్రంగా, నీళ్లు కారుతూ ఉంటుంది. నాజూ అనే ఊరివి పేరున్నవి. దాని పనితనం నెమ్మది, ఒక రాత్రి వదిలేసినా ముక్క చెదరదు. దొరకకపోతే మన బేరిపండు, లేదా ఆపిల్ సగం, ఉల్లిపాయ సగం కలిపి రుబ్బుకోండి. మెత్తదనం కొంచెం తగ్గినా రుచి దగ్గరగానే ఉంటుంది.

కివి బాగా చురుకైనది. అందులోని ఆక్టినిడిన్ మాంసంలోని ప్రొటీన్లను కత్తిరించేస్తుంది. ఒకసారి బేరిపండు అయిపోయిందని రెండు కివి పండ్లు రుబ్బి పోసి రాత్రంతా ఉంచాను. పొద్దున్న మూత తీస్తే ముక్కలు లేవు, కైమా ముద్ద ఉంది. వేళ్లతో పట్టుకుంటే జారిపోయింది. 600 గ్రాములకు ఒక పెద్ద చెంచా కివి గుజ్జు చాలు, అదీ అరగంట ముందు. అనాస కూడా అంతే. డబ్బాలో వచ్చే అనాసను వేడి చేసి నింపుతారు కాబట్టి దానిలో మెత్తబరిచే గుణం చచ్చిపోతుంది, తీపి మాత్రం మిగులుతుంది.

పచ్చి బొప్పాయి మనకు తెలిసిన సంగతే. హైదరాబాద్‌లో పత్తర్ కా గోష్‌కి పట్టించేది అదే. గేదె మాంసానికి అది బేరిపండు కంటే బాగా నప్పుతుందని నా అభిప్రాయం. తొక్కతో రుబ్బిన ముద్ద రెండు చిన్న చెంచాలు, గంట సేపు. కొంచెం చేదు మిగులుతుంది, నువ్వుల నూనె దాన్ని కప్పేస్తుంది.

సోయా, తీపి, సీసా

కొరియా సోయాలో జిన్ గంజాంగ్, యాంగ్జో గంజాంగ్, గుక్ గంజాంగ్ అని ఉంటాయి. గుక్ గంజాంగ్ సూపులకు, ఉప్పు ఎక్కువ, రంగు తక్కువ, దాన్ని బుల్గోగిలో పోస్తే నోట్లో పెట్టుకోలేరు. మిగతా రెండిట్లో ఏదైనా పర్వాలేదు. యాంగ్జో అంటే పూర్తిగా పులియబెట్టినది, కొంచెం ఖరీదు. సెంప్యో కంపెనీ సీసాల మీద 501, 701 అని ఉంటుంది. అందులో నైట్రోజన్ శాతం 1.5, 1.7 అని దాని అర్థం, ఎంత ఎక్కువైతే అంత చిక్కటి రుచి. కాల్చే మాంసానికి 501 చాలు. మన సూపర్ మార్కెట్‌లో చైనీస్ వంటలకని అమ్మే డార్క్ సోయా మాత్రం వాడకండి, రంగు నల్లగా వస్తుంది, రుచి వేరే దేశానికి పోతుంది. లైట్ సోయా దొరికితే సరిపెట్టుకోవచ్చు.

కొలత గుర్తుపెట్టుకోవడం తేలిక. 100 గ్రాముల మాంసానికి పెద్ద చెంచా సోయా, అర చెంచా చక్కెర. అంటే ఒక గున్‌కి ఆరు, మూడు. పండు రసం ఆరు చెంచాలు, తరిగిన ఉల్లికాడలు మూడు, దంచిన వెల్లుల్లి ఒకటిన్నర, నువ్వుల నూనె రెండు, వేయించిన నువ్వులు ఒకటి, మిరియాల పొడి చిటికెడు. చెంచా అంటే 15 మిల్లీలీటర్ల కొలత చెంచా, అన్నం తినే చెంచా కాదు. మన నాలుకకు తీపి ఎక్కువనిపిస్తుంది, బేరిపండు బాగా తియ్యగా ఉంటే చక్కెర రెండుకి దించండి. అంతకంటే తగ్గించొద్దు, రంగు రావడానికి ఆ చక్కెరే కావాలి. ముందు పండు రసం, చక్కెర పట్టించి పావుగంట తర్వాత సోయా పోయాలని కొరియా గృహిణులు చెబుతారు. నువ్వుల నూనె ఆఖర్న. మన గానుగ నువ్వుల నూనె వేస్తే ఆ వాసన రాదు, కొరియా వాళ్లది గింజలు బాగా వేయించి తీసిన నూనె. మన నూనె తప్ప ఇంకోటి లేకపోతే నువ్వులు ఎర్రగా వేయించి, దంచి రెండింతలు వేయండి.

అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, గరం మసాలా వేయకుండా మాంసం ముట్టుకోవాలంటే మనకు చేతులు వణుకుతాయి. అల్లం చిటికెడు వేస్తే నష్టం లేదు. మిగతావి వద్దు, కారం ఆకులో చుట్టుకునేటప్పుడు పచ్చిమిర్చి ముక్క రూపంలో ఎలాగూ వస్తుంది.

సీసా సాస్ మాటకొస్తే, బెక్సల్, చాంగ్‌జాంగ్‌వన్ లాంటివి కొరియన్ ఇళ్లలోనే వాడతారు, సిగ్గుపడాల్సిన పని లేదు. వాటిలో తీపి కాస్త ఎక్కువ, ఎక్కువసేపు నానబెడితే ఉప్పు కూడా పట్టేస్తుంది. పనిరోజుల్లో సీసా, ఆదివారం సొంతది, నా పద్ధతి ఇదే. సీసా వాడిన రోజు కూడా ఒక ఉల్లిపాయ రుబ్బి, రెండు వెల్లుల్లి రెబ్బలు దంచి కలిపితే ఎవరూ కనిపెట్టలేరు. సన్నటి ముక్కకు అరగంట నుంచి రెండు గంటలు చాలు. పచ్చి మాంసం నానిన సాస్‌ను తర్వాత నంచుకోవడానికి వాడకండి, పచ్చి ముక్కలకు, కాలిన ముక్కలకు వేరు వేరు పట్టకారులు పెట్టుకోండి.

తినేటప్పుడు లెట్యూస్ ఆకు మీద కెన్నిప్ అనే ఘాటు వాసన ఆకు, దాని మీద ఒక ముక్క, చెంచాడు అన్నం, వెల్లుల్లి రేకు, కాస్త సామ్‌జాంగ్ అనే సోయా, మిరప ముద్ద. మడిచి ఒకేసారి నోట్లో పెట్టుకోవాలి, కొరికి తినకూడదు. కెన్నిప్ వాసన మొదటిసారి కొంతమందికి నచ్చదు. అలాంటివారికి లెట్యూస్ ఒక్కటే ఇవ్వండి, తమలపాకు, గోంగూరతో ప్రయోగాలు నేను చేసి చూశాను, చెప్పుకోదగ్గవి కావు.

నలుగురికి ఒక గున్ సరిపోదు, రెండు గున్‌లు తెచ్చుకోండి. మిగిలితే, కాల్చని ముక్కలను పలచగా చదును చేసి జిప్ కవర్లలో ఫ్రీజ్ చేస్తే నెల లోపు వాడుకోవచ్చు. కాల్చినవి మిగిలితే మర్నాడు అరకప్పు నీళ్లు, అరగంట నానిన దాంగ్‌మ్యోన్ వేసి మట్టి గిన్నెలో మరిగించండి. కొరియన్లు త్తుక్‌బెగి బుల్గోగి అని హోటల్లో అమ్మేది దాదాపు అదే.